రానిట్ అని పలకాలి

"నీ వెనక కుక్క పడిందా?"

లినెట్ క్రాబ్‌ట్రీ నాతో అన్న మొదటి మాట ఇది. పలకరింపు లేదు, పరిచయం లేదు.

సాయంత్రం ఆరు గంటల వార్తలు అప్పుడే అయ్యాయి. లీడ్స్‌లో మా మూర్‌లాండ్ టీవీలో ఆమెకది మొదటి రోజు. చెవిలో ఇయర్‌ఫోన్ పీకి బల్ల మీద పడేసి, నేల మీద వైర్లు దాటుకుంటూ నేరుగా నా స్టూలు దగ్గరికి వచ్చింది. కురచ జుట్టు, నీలం జాకెట్, కోపంతో ఎర్రబడిన చెవులు. మేకప్ వేసిన నార్మా ముఖం అంతా దిద్దింది గానీ చెవుల్ని వదిలేసింది.

"నా వెనక ఏ కుక్కా లేదండీ," అన్నాను.

"మరెందుకా పరుగు? నేను రెండో వాక్యంలో ఉంటే నువ్వు నాలుగో దానికి వెళ్ళిపోయావ్. నేను వార్తలు చదివానా, నీ వెంటపడి పరిగెత్తానా?"

"మీరు ఊపిరి పీల్చుకోకుండా చదివేశారు. మీరాగితే కదా నేనాగేది."

"ఊపిరి పీల్చుకోవడం కూడా నువ్వే నేర్పుతావా?"

"అక్కర్లేదండీ. పుట్టినప్పుడే నేర్చుకుని ఉంటారు. ఇవాళ మర్చిపోయారంతే."

ఆమె గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ వైరు తట్టుకుని తూలింది. నేను నవ్వలేదు. అప్పటికప్పుడు నవ్వలేదు.

నా పనేమిటో చెప్పకపోతే ఈ గొడవ మీకు అర్థం కాదు. వార్తలు చదివేవాళ్ళు మీ కళ్ళలోకి చూసి మాట్లాడుతున్నట్టు ఉంటారు కదా. నిజానికి వాళ్ళు చూసేది కెమెరా ముందున్న అద్దంలో కనిపించే అక్షరాల్ని. ఎనభై మూడులో ఆ అక్షరాలన్నీ కాగితం మీదే ఉండేవి. పొడవాటి కాగితపు చుట్ట మీద లావు లావు అక్షరాలతో వార్తలు టైప్ చేసి, మిషన్‌కి ఎక్కించి, చదివేవాళ్ళ వేగాన్ని బట్టి చేత్తో పిడి తిప్పుతూ ఉండాలి. వాళ్ళు ముందు, మనం వెనక. అంతకుమించి నియమాలేం లేవు.

మా దేశంలో ఈ పని ఎక్కువగా ఆడపిల్లలే చేసేవాళ్ళు. "ఏమ్మా కీత్, గోళ్ళకి రంగు వేసుకోలేదా?" అని కెమెరావాళ్ళు రోజూ వెక్కిరించేవాళ్ళు. వాళ్ళకి రోజూ ఒకే జోకు సరిపోయేది, పాపం.

మర్నాటి నుంచి నేను అక్షరాల్ని చూడటం మానేసి ఆమెని చూడటం మొదలుపెట్టాను. పని కోసమే చూస్తున్నానని మొదటి వారమంతా నన్ను నేను నమ్మించుకున్నాను.

'కానీ' అనే మాట ముందు ఆమె చిన్నగా ఊపిరి తీసుకునేది. చావు వార్త వస్తే గొంతు తగ్గించి నెమ్మదించేది. క్రికెట్ స్కోర్లు వస్తే మాత్రం ఒకటే పరుగు. ఆమెకి క్రికెట్ పడదు. యార్క్‌షైర్‌లో పుట్టి ఆ మాట పైకి చెప్పుకోలేదు కదా, అందుకని గబగబా దాటేసేది.

మూడో వారంలో ఓ రోజు క్యాంటీన్‌లో నా ఎదురుగా ట్రే పెట్టి కూర్చుంది. చిప్స్ మీద వెనిగర్ వానలా కురిపించింది.

"ఇవాళ నువ్వున్నట్టే తెలియలేదు," అంది.

"తిట్టా, పొగడ్తా?"

"పొగడ్తే. అర్థం కాకపోతే చెప్పు, తిట్టి చూపిస్తా."

మా పనిలో అంతకన్నా పెద్ద మెప్పు లేదు. నాకు చిప్స్ రుచి తెలియలేదు ఆ రోజు.

ఆమెది హడర్స్‌ఫీల్డ్ అవతల కొండల్లో ఒక మిల్లు ఊరు. స్పెల్లింగ్ చూస్తే పదమూడు అక్షరాలు, రేవెన్స్‌త్‌వెయిట్. పలికేది మాత్రం రానిట్. మధ్యలో అక్షరాలన్నీ కొండగాలికి కొట్టుకుపోయాయని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ పేరుని పూర్తిగా పలికేది ఎన్నికలప్పుడు వచ్చే నాయకులు, దారి తప్పిన లారీ డ్రైవర్లు. వాళ్ళ నాన్న విల్ఫ్ ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఉన్ని మిల్లులో మగ్గాల మెకానిక్కు.

"వార్తలే ఎందుకు చదవాలనిపించింది?" అని అడిగాను.

"మా నాన్న వల్ల. టీవీలో వార్తలు వస్తే మా నాన్న ఊరుకునేవాడు కాదు. 'నీకెలా తెలుసోయ్? మా వీధికి ఎప్పుడైనా వచ్చావా?' అని టీవీతో పోట్లాడేవాడు. అక్కడ కూర్చున్నవాళ్ళంతా మా హెడ్మాస్టర్‌లా మాట్లాడేవాళ్ళులే. మా నాన్న నోరు మూసుకుని వినే మనిషి ఒక్కరైనా ఆ కుర్చీలో కూర్చోవాలని నా పంతం."

"కూర్చున్నావుగా."

"ఇది లీడ్స్. ఆయన పోట్లాడేది లండన్ కుర్చీతో."

అప్పటికి మీరు పోయి నువ్వు వచ్చేసింది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరం గమనించలేదు.

ఒక్క చిక్కు మాత్రం ఉండేది. మా యార్క్‌షైర్‌లో లవ్ అనే మాటని లువ్ అంటాం. అనడమే కాదు, కనిపించిన ప్రతివాళ్ళనీ అంటాం. బస్ కండక్టర్ టికెట్ చింపి ఇస్తూ లువ్ అంటాడు. చేపలమ్మే ఆవిడ లువ్ అంటుంది. పళ్ళ డాక్టరు పన్ను పీకే ముందు లువ్ అంటాడు. నేను రోజూ ఆమెకి "గుడ్ ఈవినింగ్, లువ్" అని గుండెలోంచి చెప్పేవాణ్ణి. ఆమె "నీకూ, లువ్" అని కోటు తగిలించుకుని పోయేది. ఆ మాటని మా జనం అరగదీసి పెట్టారు, నాకంటూ కొంచెం కూడా మిగల్చలేదు.

*

అక్టోబర్‌లో జూలియన్ పెంబర్టన్ ఆమెని గదిలోకి పిలిచాడు. మా వార్తల విభాగానికి పెద్ద. లండన్ నుంచి వచ్చి రెండేళ్ళయినా రేపో మాపో వెనక్కి పోయేవాడిలా పెట్టె సర్దుకునే ఉండేవాడు. చెడ్డవాడని అనను. తనకి వినపడని గొంతు ఈ లోకంలో లేదని నమ్మేవాడు, అంతే.

"లండన్ వాళ్ళు జాతీయ వార్తలకి ఒకర్ని వెతుకుతున్నారు, మిస్ క్రాబ్‌ట్రీ. మీ ముఖం నచ్చింది. మీ తెలివి నచ్చింది. గొంతు దిద్దుకోవాలి."

దిద్దడానికి హారొగేట్‌లో మిసెస్ తిసిల్‌వుడ్ అని ఒకావిడ ఉండేది. వారానికి మూడు పాఠాలు. నోట్లో ద్రాక్షపండు పెట్టి పద్యాలు చెప్పించేదట. మేం బుస్ అంటాం, వాళ్ళు బస్ అంటారు. మేం బ్యాత్ అంటాం, వాళ్ళు బాత్ అని సాగదీస్తారు. మేం మాట్లాడితే లండన్ వాళ్ళకి బుస కొట్టినట్టు ఉంటుందట.

నెల తిరిగేసరికి లినెట్ నోట్లోంచి రానిట్ ఒక్కో అక్షరం చొప్పున జారిపోతోంది. అద్దంలో అక్షరాలు నావే, బల్ల వెనక ముఖం ఆమెదే, గొంతు మాత్రం ఎవరిదో. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటకి కారణం సగం గొంతు, సగం లండన్. ఆమె వెళ్ళిపోతుందన్న మాట నేను నా మనసులో కూడా అనుకోలేదు.

ఓ సాయంత్రం వానలో బస్ స్టాపు దగ్గర కలిసింది. ఆమె గొడుగు నా చెవిలో పొడుచుకుంటోంది.

"గుడ్ ఈవినింగ్, కీత్," అంది, నోటినిండా ద్రాక్షపండుతో.

"మీరెవరండీ? మా స్టూడియోలో లినెట్ అని ఒకమ్మాయి ఉండేది. కనిపిస్తే అడిగానని చెప్పండి."

"ఎగతాళా?"

"మీ అమ్మకి ఫోన్ చేసినప్పుడు ఏ గొంతుతో మాట్లాడుతున్నావ్?"

ఆమె గొడుగు దించేసింది. తడుస్తూనే నా కళ్ళలోకి చూసింది.

"నీకేం, ఎన్నైనా అంటావ్. అద్దం వెనక కూర్చుంటావ్. నీ గొంతు ఎవరూ వినరు, నిన్నెవరూ దిద్దరు. నేను నోరు విప్పితే ఉత్తరాలొస్తాయి తెలుసా? 'ఆ పిల్లని మళ్ళీ మిల్లుకి పంపండి' అని రాస్తారు. చక్కటి చేతిరాతతో రాస్తారు. నాకు ఆ కుర్చీ కావాలి, కీత్. కూర్చున్నాక ఎలా మాట్లాడాలో నా ఇష్టం."

"కూర్చునేసరికి నువ్వు మిగిలితే కదా."

అనేశాక నాలుక కరుచుకున్నాను. బస్ వచ్చింది. ఆమె ఎక్కింది. "తడిసిపోయావు లువ్, లోపలికి జరుగు," అన్నాడు కండక్టరు. నేను అనాల్సిన మాట వాడనేశాడు.

రెండు వారాలు మా మధ్య మాటల్లేవు. పిడి మాత్రం ఆమె ఊపిరి వెంటే తిరిగేది. నా చేతికి అలగడం చేతకాలేదు.

*

నవంబర్‌లో ఒక గురువారం నాలుగు గంటలకి టెలెక్స్ మీద వార్త వచ్చింది. రానిట్ మిల్లు క్రిస్మస్ లోపు మూసేస్తున్నారు. నాలుగు వందల ఉద్యోగాలు పోతాయి.

జూలియన్ మమ్మల్నందర్నీ పిలిచాడు. "ఇదే మొదటి వార్త. ఆరు గంటలకి మన దగ్గర్నుంచి దేశమంతటికీ లైవ్‌గా వెళ్తుంది. లండన్ పెద్దలు చూస్తారు. మిస్ క్రాబ్‌ట్రీ, ఇదే మీ పరీక్ష అనుకోండి."

లినెట్ టెలెక్స్ కాగితం చేతిలోకి తీసుకుంది. "మా నాన్న పనిచేసేది అక్కడే," అంది.

"చాలా విచారకరం. నిజంగానే అంటున్నాను. చదవగలరా, ఇంకెవరికైనా ఇవ్వమంటారా?"

"చదువుతాను."

"మంచిది. ఊరి పేరు స్పెల్లింగ్ ప్రకారం పలకండి. రే-వెన్స్-త్‌వెయిట్. దేశానికి అర్థం కావాలి కదా."

"ఆ ఊరిని ఎవరూ అలా అనరండీ."

"ఆ ఊళ్ళో ఎంతమంది ఉంటారు? మూడు వేలు. దేశంలో ఐదున్నర కోట్ల మంది ఉన్నారు."

"ఊరు ఆ మూడు వేల మందిదండీ."

"మీరు చదువుతున్నది వార్త, ఇంటికి రాసే ఉత్తరం కాదు." అని నా వైపు తిరిగి, ఎప్పటిలా నా ఇంటిపేరుతో పిలిచాడు. "ఓల్డ్‌రాయిడ్, ఆ పేరుని ముక్కలు ముక్కలుగా విడగొట్టి టైప్ చెయ్యి. ఆవిడ తడబడకూడదు."

లినెట్ నా వైపు చూడలేదు. మేకప్ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నేను టైప్ చేశాను. వార్తలో ఆ పేరు ఒక్కసారే వస్తుంది, రెండో వాక్యంలో. గీతలు పెట్టి, విడగొట్టి, ఆయన చెప్పినట్టే కొట్టాను. చూస్తే అది ఊరి పేరులా లేదు, ఏదో మందు సీసా మీది పేరులా ఉంది. నాకు కోపం ఆగలేదు. ఇంకో కాగితం మీద రానిట్ అని కొట్టి, కత్తిరించి, జిగురు రాసి, దాని మీద అంటించబోయాను.

చెయ్యి ఆగిపోయింది. ఇది కూడా దిద్దడమే కదా. ఆయన ఒక ముక్క ఆమె నోట్లో పెడుతున్నాడు, నేను ఇంకో ముక్క పెట్టబోతున్నాను. చదివాక లండన్ పోతే పోయేది ఆమెకి. ఇంటికి వెళ్ళి నాన్న ముఖం చూడాల్సింది ఆమె. నేను హాయిగా స్టూలు మీద కూర్చుని ధైర్యవంతుణ్ణి అనిపించుకుంటాను. రానిట్ ముక్కని చెత్తబుట్టలో పడేశాను. తెల్ల కాగితం ముక్క ఒకటి కత్తిరించి ఆ పేరు మీద అంటించాను. తన ఊరి పేరు గుర్తుచెయ్యడానికి ఆమెకి నేను అక్కర్లేదు.

ఆరు అయింది. కెమెరా మీద ఎర్ర లైటు వెలిగింది.

"గుడ్ ఈవినింగ్. నూట ఇరవై ఏళ్ళ నాటి యార్క్‌షైర్ ఉన్ని మిల్లు ఒకటి క్రిస్మస్ లోపు మూతపడుతోంది." హారొగేట్ గొంతు, ఒక్క మడత లేకుండా. "నాలుగు వందల మంది పని కోల్పోనున్న ఈ మిల్లు..."

అద్దంలో తెల్లటి ఖాళీ వచ్చింది. నేను పిడి ఆపేశాను.

చూసేవాళ్ళకి అది ఒక్క క్షణమే. ఆమె కళ్ళు ఆ ఖాళీ మీద ఆగాయి. అద్దం అవతల ఉన్న నేను ఆమెకి కనిపించను. అయినా చూసిందనే అంటాను. ఊపిరి తీసుకుంది.

"...రానిట్‌లో ఉంది," అంది. తర్వాత ఎవరూ రాయని రెండు మాటలు అంది. "మా ఊరు."

ఇక ఆ తర్వాత వార్తలన్నీ ఆ కొండల గొంతుతోనే చదివింది. బుస్ ప్రమాదం కూడా.

*

జూలియన్ మెట్లు దిగి స్టూడియోలోకే వచ్చాడు. అరవలేదు. అరిచే మనిషి కాదు.

"ఆ రెండు మాటలు ఎక్కడివి?"

"నావేనండీ," అంది లినెట్.

"చుట్ట చూపించు, ఓల్డ్‌రాయిడ్." చూశాడు. తెల్ల ముక్కని గోటితో గీకాడు. "ఏమిటిది?"

"ఖాళీ అండీ."

"నేను టైప్ చెయ్యమన్నదెక్కడ?"

"దానికింద ఉంది. మీరు చెప్పినట్టే కొట్టాను. తర్వాత మూసేశాను. ఆ చోట మీ మాట ఉండకూడదు, నా మాటా ఉండకూడదు అనిపించింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వార్తలు చదివే మనిషికి సొంత ఊరు ఉండదు, మిస్ క్రాబ్‌ట్రీ. సోమవారం బులెటిన్‌లో ఒక క్షమాపణ చదువుతారు. ఊరి పేరు తప్పుగా పలికినందుకు, హద్దు దాటినందుకు. చదివితే లండన్‌తో నేను మాట్లాడతాను. చదవకపోతే మీరిద్దరూ వేరే పని చూసుకోండి."

"మా ఊరు అనడం హద్దు దాటడమే. దానికి క్షమాపణ అడిగితే ఆలోచిస్తాను. పేరు తప్పంటే మాత్రం ఒప్పుకోను. ఆ పేరు ఎలా పలకాలో మీకన్నా మా ఊరి పిల్లులకి బాగా తెలుసు."

క్షమాపణ అక్కడే కాగితం మీద రాసి ఆమె చేతిలో పెట్టి ఆయన వెళ్ళిపోయాడు.

బయట కార్ పార్కులో వాన పడుతూనే ఉంది. మా ఇద్దరి దగ్గరా గొడుగు లేదు. ఆమె నా పాత మినీ కారు పక్కన నిలబడింది.

"ఎందుకు ఖాళీ వదిలావ్?"

"చెప్పాగా."

"ఆయనకి చెప్పావ్. నాకు చెప్పు."

"బస్ స్టాపు దగ్గర నోరు జారాను. ఇంకోసారి నీకు చెప్పే మొనగాణ్ణి కాదలచుకోలేదు. ఇంకా..."

"ఇంకా?"

"నువ్వంటే నాకు ఇష్టం. కండక్టర్లు అంటారే, అలాంటిది కాదు. నిజంగా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఈ ముక్క ముందే టైప్ చేసుకొచ్చావా?"

"లేదు. అందుకే ఇంత ఘోరంగా వచ్చింది."

నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "జవాబు తర్వాత చెప్తాను. మా నాన్న ఉద్యోగం పోయిందని ఇందాక దేశానికంతా చెప్పాను, కీత్. ఆయన ఫోన్ ఎత్తడం లేదు. శనివారం నాతో రానిట్ వస్తావా?"

*

తలుపు తీసింది వాళ్ళమ్మ ఎడ్నా. విల్ఫ్ వంటింట్లో బల్ల దగ్గర బూట్లకి పాలిష్ వేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఎవరితను?"

"కీత్, నాన్నా. నేను చదివే కాగితం చుట్ట తిప్పుతాడు."

"అదో పనా?"

"నా పని అదేనండీ," అన్నాను.

"పోనీలే. నాకు అదైనా లేదు ఇప్పుడు."

ఎడ్నా టీ పోసింది. ఎవరూ తాగలేదు. లినెట్ ఇక ఆగలేకపోయింది.

"నాన్నా, నామీద కోపంగా ఉందా?"

ఆయన రెండో బూటు కూడా తుడిచి కింద పెట్టాడు. అప్పుడు మాట్లాడాడు.

"గురువారం మధ్యాహ్నం మేనేజరు మమ్మల్ని వరసగా నిలబెట్టి కాగితం చదివాడు. రేవెన్స్‌త్‌వెయిట్ మిల్లు మూసేస్తున్నారని. ఎవడికీ ఎక్కలేదు. ఎక్కడో ఎవరిదో గొడవలా విన్నాం. మళ్ళీ మగ్గాల దగ్గరికి పోయి పని కూడా చేశాం, వెర్రోళ్ళలాగ. సాయంత్రం మా కార్మికుల క్లబ్బులో టీవీ పెట్టారు. నువ్వు రానిట్ అన్నావ్." తల ఎత్తి ఆమెని చూశాడు. "అప్పుడు తెలిసిందమ్మా, మా గురించేనని. నా పక్కన కూర్చున్న హెర్బర్ట్ చేతిలో బీరు గ్లాసు కింద పెట్టేశాడు. వాడు గ్లాసు సగంలో వదిలెయ్యడం నేనెప్పుడూ చూళ్ళేదు."

"నువ్వేమన్నావ్?"

"ఏమీ అన్లేదు. నోరు మూసుకుని విన్నాను." ఆయన పాలిష్ గుడ్డ మడతపెట్టాడు. "తర్వాత ఎవరూ ఇళ్ళకి పోలేదు. కూర్చుని తేల్చుకున్నాం. సోమవారం నుంచి గేటు దగ్గర నిలబడతాం. ఒక్క మగ్గాన్ని బయటికి పోనివ్వం. రెండ్రోజుల్నుంచి నేనూ మీ అమ్మా క్లబ్బులోనే ఉన్నాం, ఫోన్ ఎవరెత్తుతారు?"

లినెట్ క్షమాపణ కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివాడు.

"చదివితే లండన్ ఇస్తారా?"

"ఇవ్వొచ్చు."

"చదివెయ్యి. మేమేమీ అనుకోం. లండన్ పెద్దది."

"నాకు లండన్ కావాలి, నాన్నా. ఇవాళ కూడా కావాలి. ఆ కుర్చీ కోసం ఎంత ఏడ్చానో కీత్‌కి కూడా తెలీదు." ఆమె కాగితాన్ని వెనక్కి లాక్కుంది. "కానీ ఇది చదివితే మీరు విన్నది తప్పని నేనే చెప్పినట్టు. నేను చదవను. పీకేస్తే పీకెయ్యనీ. చదవను."

"ముందు తిను," అంది ఎడ్నా, కళ్ళు తుడుచుకుంటూ, మాంసం కూరిన రొట్టె ముక్క పళ్ళెంలో పెడుతూ.

మేం బయల్దేరుతుంటే విల్ఫ్ కారు దాకా వచ్చాడు.

"అబ్బాయ్. మా పిల్ల ముందు, నువ్వు వెనక అట కదా?"

"పనిలో అంతేనండీ."

"పని వరకే. పెళ్ళయ్యాక పక్కన నడువు."

"నాన్నా!" అంది లినెట్. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆమె ఇంకా జవాబు చెప్పలేదండీ," అన్నాను.

"చెప్తుంది. ఈ ఇంట్లో ఎవరం తొందరపడి చెప్పం."

*

సోమవారం క్షమాపణ చదవనని లినెట్ చెప్పేసరికి జూలియన్ మాంచెస్టర్ నుంచి ఇంకో అమ్మాయిని తెప్పించి సిద్ధంగా ఉంచాడు. ఐదు గంటలకి నార్మా పౌడర్ చేతులతోనే ఆయన గదిలోకి వెళ్ళింది. మేకప్ వేసేది నార్మాయే, మా యూనియన్‌కి నాయకురాలూ ఆవిడే. తలుపు కావాలనే తెరిచి పెట్టింది, మేమందరం విన్నాం.

"ఆ కుర్చీలో లినెట్ కూర్చోకపోతే లైట్లు వెలగవండీ. ఎలక్ట్రీషియన్లందరూ క్యాంటీన్‌లో పేకాటకి కూర్చున్నారు."

"ఇది బెదిరింపు."

"అవునండీ. స్పెల్లింగ్ ప్రకారం చెప్పమంటారా?"

పావుగంట తర్వాత ఆయన బయటికి వచ్చి లినెట్ ముందు ఆగాడు. "లండన్ తలుపు మీ చేత్తో మీరే మూసుకున్నారు."

"తలుపు వాళ్ళది, మూసింది వాళ్ళు. నా చెయ్యి ఇక్కడే ఉందండీ," అంది.

తర్వాతి సంగతులు దాచను. మిల్లు చివరికి మూతపడింది. క్రిస్మస్‌కి కాదు, ఇంకో రెండేళ్ళకి. ఆ రెండేళ్ళూ గేటు దగ్గర నిలబడి సంపాదించుకున్నవి. లినెట్ ఆ కుర్చీలో ఇరవై ఒక్క ఏళ్ళు కూర్చుంది. లండన్ వాళ్ళు మళ్ళీ రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ గొంతు మార్చుకోమన్న దగ్గరే మాట చెడింది. ఆమెకి ఆ బాధ లేదని నేననను. కొన్ని రాత్రులు జాతీయ వార్తలు వస్తుంటే లేచి టీవీ కట్టేసేది.

కానీ ఆ సోమవారం లైట్లన్నీ వెలిగాయి. మొదటి వార్త మిల్లు గేటు గురించి. ఈసారి చుట్ట మీద రానిట్ అని కొట్టమని ఆమే చెప్పింది, కొట్టాను. మా ఊరు అనలేదు. తిన్నగా, తొణక్కుండా, ఎవరి పక్షమూ కాకుండా చదివింది. క్షమాపణ కాగితం మేకప్ గదిలో నార్మా పౌడర్ డబ్బా కింద ఉంది.

"గుడ్ నైట్," అంది చివర్న. ఎర్ర లైటు ఆరిపోయింది.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. అద్దం మీదుగా తొంగిచూసి నన్ను వెతికింది.

"కీత్! కార్ పార్కులో ఒక మాటన్నావు కదా. నాకూ నువ్వంటే ఇష్టం. మొదటి రోజు తిట్టి వెళ్తూ వైరు తట్టుకుని పడబోయానే, నువ్వు నవ్వకుండా ఆపుకున్నావే, అప్పట్నుంచీ. వసంతంలో పెళ్ళి చేసుకుందాం. ఏమంటావ్?"

నేను నోరు తెరిచే లోపు పైన స్పీకర్ గరగరలాడింది. పై అంతస్తు కంట్రోల్ గదిలోంచి జూలియన్ గొంతు.

"మిస్ క్రాబ్‌ట్రీ, మీ మైక్ ఇంకా ఆన్‌లోనే ఉంది. ఇక్కడ అందరం వింటున్నాం."

"తెలుసండీ," అంది లినెట్, నా మీంచి చూపు తిప్పకుండా. "ఉండనివ్వండి. ఇతను ఇంకా జవాబు చెప్పలేదు."